చెరువు మకాంలో 14 రోజులు

శార్వరి నామ సంవత్సర ఉగాది నాడు నేను తిన్నవి రెండు బన్నులు, ఒక అరటిపండు. 2020 మార్చి 25, బుధవారం. హైదరాబాద్ ఎస్సార్ నగర్‌లో ఒక బాయ్స్ హాస్టల్, మూడో అంతస్తు, నలుగురు ఉండే గది. వేపపువ్వు సంగతి దేవుడెరుగు, ఆ వేళ మా హాస్టల్లో పొయ్యే వెలగలేదు.

బీటెక్ అయిపోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఊళ్ళో "ఇంకా ఉద్యోగం రాలేదా" అని అడిగేవాళ్ళ నుంచి తప్పించుకోడానికి సగం, నిజంగా నేర్చుకోడానికి సగం, అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సులో చేరాను. మార్చి మధ్యలో ఇన్‌స్టిట్యూట్లు మూసేయమన్నారు. నెలాఖరు దాకానే కదా, ఊరెళ్ళి వస్తే రానూపోనూ వెయ్యి రూపాయలు దండగ అనుకుని గదిలోనే ఉండిపోయాను. మా ఫ్లోర్లో సగం మందిది అదే లెక్క.

22 ఆదివారం జనతా కర్ఫ్యూ సరదాగానే గడిచింది. తెలంగాణలో పొద్దున ఆరు నుంచి మర్నాడు ఆరు దాకా, 24 గంటలన్నారు. సాయంత్రం ఐదింటికి టెర్రస్ ఎక్కి మెస్ కంచాలు వాయించాం. ఒకడు గరిటెతో బాది కంచానికి సొట్ట పెడితే వంట మాస్టరు బూతులు తిట్టాడు. ఆయన్ని చూడటం అదే ఆఖరు. మర్నాటి నుంచి రాలేదు. 24 రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలోకి వచ్చి దేశమంతా 21 రోజులు అనగానే గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకడు "21 రోజులకి మ్యాగీ ప్యాకెట్లు ఎన్ని కావాల్రా?" అన్నాడు. జోకు కాదు, నిజంగానే లెక్క పెడుతున్నాడు.

ఉగాది పొద్దున హాస్టల్ ఓనరు మూతికి తువ్వాలు కట్టుకుని మెట్ల మీద నిలబడి చెప్పాడు. "బాబూ, గ్యాస్ లేదు, సరుకుల్లేవు, పనోళ్ళు లేరు. మీలో ఒక్కడికి వచ్చినా బిల్డింగ్ మొత్తం సీలు. సాయంత్రానికి ఖాళీ చెయ్యండి." ఎక్కడికి పోవాలి అని ఎవడో అరిచాడు. బస్సుల్లేవు, రైళ్ళు ఆగిపోయి మూడు రోజులైంది. ఆయన దానికి జవాబు చెప్పలేదు, కిందికి వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆయన్ని తిట్టని తిట్టు లేదు. ఇప్పుడు ఆలోచిస్తే మూడు అంతస్తుల కుర్రాళ్ళకి అన్నం ఎక్కణ్ణుంచి తెచ్చి పెడతాడు అనిపిస్తుంది. అలాగని మోటారు స్విచ్ ఆపేసి నీళ్ళు రాకుండా చేసిన సంగతి మాత్రం మర్చిపోలేదు.

మధ్యాహ్నానికి వాట్సాప్‌లో మెసేజ్. పోలీస్ స్టేషన్లో పాసులిస్తున్నారు, సొంతూరు వెళ్ళొచ్చు అని. వెళ్ళి చూస్తే ఎస్సార్ నగర్, అమీర్‌పేట హాస్టళ్ళన్నీ అక్కడే ఉన్నాయి. బ్యాగులు, బకెట్లు, పరుపులు. ఒక అమ్మాయి కుక్కర్ చంకలో పెట్టుకుని నిలబడింది. కానిస్టేబుల్ మైకులో "దూరం దూరం" అంటున్నాడు. ముందువాడి బ్యాగు నా పొట్టకి గుచ్చుకుంటోంది. నాలుగింటికి చేతిలో కాగితం పడింది. పేరు, బండి నంబరు, ఎక్కణ్ణుంచి ఎక్కడికి, కింద స్టాంపు. బండి నాది కాదు, గదిలో ఉండే గుడివాడ వాడిది. నాది కైకలూరు దగ్గర పల్లెటూరు. అప్పటికింకా కృష్ణా జిల్లాలోదే, ఏలూరు జిల్లా అయింది 2022లో.

విజయవాడ హైవే అంత ఖాళీగా నేను మళ్ళీ చూడలేదు. టోల్‌గేట్లో మనిషి లేడు. సూర్యాపేట దగ్గర మామూలుగా బస్సులన్నీ ఆగి టీ తాగే హోటళ్ళన్నీ షట్టర్లు దించి ఉన్నాయి. కుక్కలు రోడ్డు మధ్యలో పడుకున్నాయి, హారన్ కొట్టినా లేవలేదు. కోదాడ దాటేసరికి బాగా చీకటి పడింది. ఇంకో గంటన్నరలో బెజవాడ అనుకుంటూ పాలేరు దగ్గరికి వచ్చేసరికి ముందు ఎర్ర లైట్లు. కార్లు, బైకులు, కనుచూపు మేర.

గరికపాడు చెక్‌పోస్టు. ఆ పేరు అంతకు ముందు వినలేదు. హైదరాబాద్లో పాసులిచ్చారు సరే, ఇక్కడ లోపలికి రానివ్వమని ఆర్డర్లు లేవన్నారు. వచ్చినవాళ్ళని క్వారంటైన్‌లో పెట్టకుండా ఎలా వదులుతాం అన్నారు. ఈలోపు ఫోన్లో వార్త: హైదరాబాద్లో పాసులివ్వడం ఆపేశారు. ముందుకి పోనివ్వరు, వెనక్కి పోతే గది లేదు. రెండు రాష్ట్రాలూ మావే, ఎక్కడా మాకు చోటు లేదు.

ఇంటికి ఫోన్ చేశాను. ఆ రోజుల్లో ఎవరికి ఫోన్ చేసినా రింగుకి ముందు ఒక దగ్గు వినపడేది, గుర్తుందా? దగ్గి, ఆ తర్వాత కరోనా జాగ్రత్తలు చెప్పేవాళ్ళు. అమ్మ గొంతు వినాలంటే ముందు ఆ దగ్గు వినాలి. అమ్మ "ఎక్కడున్నావు నాన్నా, తిన్నావా" అంది. తిన్నానన్నాను. నిజానికి అప్పుడే పక్క ఊరివాళ్ళు ట్రాక్టర్లో పులిహోర పొట్లాలు తెచ్చి పంచుతున్నారు. పొట్లం చేతికివ్వడానికి భయపడి కారు బానెట్ మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి "తీసుకోండమ్మా" అనేవాళ్ళు. భయపడుతూనే పెట్టారు. ఉగాది పులిహోర నాకు అలా దక్కింది.

రాత్రంతా బండి పక్కనే దుప్పటి పరుచుకుని పడుకున్నాం. దోమలు. కార్లో చంటిపిల్ల ఒకటే ఏడుపు. ఆడపిల్లలు నలుగురైదుగురు కలిసి సెల్ఫోన్ లైట్లు వేసుకుని చేలల్లోకి వెళ్ళి వస్తుంటే మగవాళ్ళం అటు చూడకుండా తల తిప్పుకునేవాళ్ళం. మర్నాడు మధ్యాహ్నానికి మా వంతు వచ్చింది. నుదుటికి గన్ను పెట్టి చూశారు, అడ్రసు, ఫోన్ నంబరు రాసుకున్నారు, 14 రోజులు ఇల్లు కదలనని సంతకం పెట్టించుకుని వదిలారు.

గుడివాడ వాడు వాళ్ళింటికి పోకుండా ముందు నన్ను మా ఊరి దగ్గర దింపాడు. నన్ను దింపిన చోటు ఊరు కాదు, ఊరి బయట తుమ్మకంప. రోడ్డుకి అడ్డంగా రెండు సర్వీ బాదులు, వాటి మీద కంప, దాని మీద ఫ్లెక్సీ వెనక్కి తిప్పి రంగుతో రాసిన అక్షరాలు: "మా ఊరికి మీరు రావద్దు, మీ ఊరికి మేము రాము." ఆ రాత ఎవరిదో నాకు తెలుసు. వినాయక చవితి పందిరికి బోర్డులు రాసేది వాడే. మా క్రికెట్ టీమ్ వికెట్ కీపరు.

"రేయ్, అక్కడే ఆగు" అన్నాడు కంప అవతల నుంచి.

వాడు నన్ను అలా ఎప్పుడూ పిలవలేదు. ఎలా చెప్పాలి, మనిషిని కాదు, గేదెని ఆపినట్టు ఆపాడు. వాడి వెనక ఇంకో పదిమంది, అందరూ తెలిసినవాళ్ళే. వేపచెట్టు కింద మాజీ సర్పంచ్ గారు కుర్చీ వేసుకుని జేబురుమాలు ముక్కుకి పెట్టుకుని ఉన్నారు. పది రోజుల కిందటి దాకా ఎంపీటీసీ ఎన్నికల గోల. ఎన్నికలు వాయిదా పడితే ఆ మనుషులే ఇటు కాపలాకి వచ్చారు. అంతమందిలో కంప దగ్గరికి వచ్చి మాట్లాడింది ఒక్కడే, మా వీధి వాలంటీరు. నాతో పదో తరగతి చదివినవాడు.

"బార్డర్లో సంతకం పెట్టాను, ఇంట్లోనే ఉంటాను" అన్నాను. నాకే తెలుసు అది కుదిరేది కాదని. రెండు గదుల ఇల్లు, ఒకటే బాత్రూమ్, డెబ్బై దాటిన నానమ్మ. స్కూల్లో పెడదామని ఒకరు, స్కూలు ఊరి మధ్యలో ఉంది కుదరదని ఇంకొకరు. నా గురించి నా ముందే అరగంట మాట్లాడుకున్నారు. నేను రోడ్డు మీద బ్యాగు వేసుకుని కూర్చున్నాను. అప్పుడు నాన్న సైకిల్ మీద వచ్చాడు. అందర్నీ ఒకసారి చూసి, "మకాంలో ఉంటాడులే. నేను చూసుకుంటా" అన్నాడు. అంతే. నన్ను అడగలేదు, వాళ్ళనీ అడగలేదు.

మా నాన్న చేపల చెరువు దగ్గర కాపలా మనిషి. చెరువు మాది కాదు. గట్టు మీద రేకుల గది, దాన్నే మకాం అంటారు. ఊళ్ళోకి వెళ్ళకుండా బోదె కాలువ వెంట చుట్టూ తిప్పి తీసుకెళ్ళాడు. సైకిల్ నడిపించుకుంటూ తను ముందు, దూరంగా నేను వెనక. రెండు కిలోమీటర్ల నడకలో మాట్లాడింది ఒక్కటే మాట. వెనక్కి తిరక్కుండా "చెప్పులు అరిగిపోయినయ్యే" అన్నాడు. ఎప్పుడు చూశాడో.

మకాంలో ఒక మంచం, ఒక బల్బు, గోడ పొడుగునా తవుడు బస్తాలు. ఆ వాసన ఒంటికి పట్టేస్తుంది, సబ్బుకి పోదు. నాన్న తన మంచం బయట పందిరి కిందకి మార్చుకున్నాడు. ఆరడుగుల దూరమని ఏఎన్ఎం చెప్పింది. మా నాన్నకి అడుగుల లెక్క పట్టదు. పడవ నడిపే గెడ తెచ్చి నేల మీద పెట్టాడు, దాని చివర మళ్ళీ పెట్టాడు. రెండు గెడల దూరం. అక్కడ ఒక ఇటుక పెట్టి "దీన్ని దాటి నువ్వు రాకు, నేను రాను" అన్నాడు.

చేపల చెరువు దగ్గర పనేమిటో బీటెక్ చదివిన నాలుగేళ్ళలో నేనెప్పుడూ సరిగ్గా చూడలేదు. తెల్లారకముందే తవుడు, నూనెచెక్క కలిపి, అడుగున చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, చెరువులో వరసగా కట్టిన తాళ్ళకి వేలాడదీయాలి. పడవ మీద ఒక్కడే నిలబడి, ఒక చేత్తో తాడు పట్టుకుని ఇంకో చేత్తో సంచి ముడి వేస్తాడు. పడవ కదలదు. ఆయన కిందికి దిగేలోపే చేపలొచ్చి చిల్లుల దగ్గర పొడుస్తాయి. సంచులు వాటంతటవే ఊగుతున్నట్టు ఉంటాయి. అంతకన్నా ముఖ్యమైన పని తెల్లవారుజామున. నీళ్ళలో గాలి తగ్గితే చేప పైకి వచ్చి నోరు తెరుస్తుంది. అలా నోళ్ళు తెరిచాయంటే వెంటనే ఇంజన్ వేసి నీళ్ళు తిప్పాలి, లేకపోతే తెల్లారేసరికి చెరువంతా తెల్లగా తేలిపోతుంది. అందుకని ఆయన రాత్రి రెండింటి నుంచి నిద్రపోడు. టార్చి వేయడు, చూడడు కూడా. వింటాడు.

ఆ చెరువులో శీలావతి, బొచ్చె పట్టుబడికి వచ్చి ఉన్నాయి. పట్టడానికి కూలీలు రారు, ఎక్కించడానికి లారీల్లేవు. మామూలుగా మా వైపు చేప ఐసు పెట్టెల్లో బెంగాల్, అస్సాం దాకా పోతుంది. ఇప్పుడు అమ్ముడుపోని చేప మేత తింటూ ఉంది. చెరువు ఆసామి రోజూ ఫోన్ చేసి మేత తగ్గించమనేవాడు. నాన్న "తగ్గిస్తానండి" అని పెట్టేసి, మామూలుగానే సంచులు కట్టేవాడు. "ఆకలేస్తే అవి మాత్రం ఏం జేస్తయి" అని తనలో తనే అనుకునేవాడు.

అమ్మ రోజుకి రెండుసార్లు వచ్చేది. బోదె మీద తూము దగ్గర ఆగి, క్యారేజీ తుమ్మకొమ్మకి తగిలించి, వెనక్కి జరిగి నిలబడేది. నేను వెళ్ళి తీసుకునే దాకా కదిలేది కాదు. నా కంచానికి, గ్లాసుకి అడుగున ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టింది. కలిసిపోకూడదని. నేను తిన్నాక బ్లీచింగ్ నీళ్ళతో కడిగి అక్కడే ఎండలో బోర్లించాలి. ఇంటి దగ్గర ఎలా ఉందని అడిగితే "బానే ఉంది" అనేది.

బాగా లేదని వాలంటీరు వల్ల తెలిసింది. వాడు రోజూ వచ్చి బోదె అవతల నుంచి నన్ను ఫోటో తీసుకుని వెళ్ళాలి, డ్యూటీ. మొదటి రోజు అలవాటుగా "కొంచెం నవ్వరా" అన్నాడు, తర్వాత ఇద్దరం నిజంగానే నవ్వాం. వాడే చెప్పాడు. నేను ఇంట్లో లేకపోయినా అడ్రసు అదే కాబట్టి తలుపు మీద క్వారంటైన్ కాగితం అంటించారట. దాంతో పక్కింటి పిన్ని పాలు పోయడం మానేసింది. పిన్నంటే సొంత పిన్ని కాదు, అంతకన్నా ఎక్కువ. చిన్నప్పుడు వాళ్ళ గేదె దగ్గర గుమ్మపాలు నోట్లో పిండించుకుని తాగినవాణ్ణి. నానమ్మ అరుగు మీద కూర్చుంటే వీధిలో వాళ్ళు అటువైపు నుంచి నడుస్తున్నారట. రేషన్ బియ్యానికి అమ్మ గీసిన గళ్ళలో నిలబడితే ముందు గడి, వెనక గడి ఖాళీ.

నాలుగో రోజు నాకు గొంతు పట్టేసింది.

సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడింది. పొడి దగ్గు. రెండు రోజుల దుమ్ము, నిద్ర లేకపోవడం, తవుడు వాసన, ఎన్ని కారణాలైనా చెప్పుకోవచ్చు, చెప్పుకున్నాను కూడా. కానీ కళ్ళ ముందు స్టేషన్ దగ్గర క్యూలో నా మీద పడి తుమ్మినవాడే కనపడుతున్నాడు. మర్నాడు వాలంటీరు అవతల నుంచి "జ్వరం, దగ్గు ఏమన్నా ఉన్నాయారా" అని అడిగాడు. రోజూ అడిగేదే. "ఏం లేవురా" అన్నాను.

ఎందుకు అబద్ధం చెప్పాను? చెబితే అంబులెన్స్ వస్తుంది. తెల్ల సూట్లు వేసుకున్నవాళ్ళు దిగుతారు. అది వాట్సాప్‌లో వీడియో అవుతుంది. అమ్మ, నానమ్మ, నాన్న, అందర్నీ ఎక్కించుకుపోతారు. పాలు మానేసినవాళ్ళు ఊళ్ళోనే ఉండనిస్తారా? ఇన్ని ఆలోచించాను. నాన్నకి అంటుకుంటుందేమో అన్నది మాత్రం చివరికి వచ్చింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నామోషీగా ఉంటుంది. కంప వేసినవాళ్ళ మీద ఏళ్ళ తరబడి కోపం పెట్టుకున్నాను కదా. వాళ్ళు భయపడింది సరిగ్గా నాలాంటివాడికే.

బ్యాగులో సగం వాడిన డోలో స్ట్రిప్ ఉంది. రాత్రి తలగడలో మొహం పెట్టుకుని దగ్గేవాణ్ణి. తెల్లారి లేచి చూస్తే ఇటుక స్థలం మారింది. మకాం వైపు జరిగింది. నాన్న మంచం కూడా. రెండు గెడల దూరం ఒక గెడ అయింది. ఇటుక మీద నిండు స్ట్రిప్ ఒకటి, దాని మీద గాలికి ఎగరకుండా చిన్న రాయి. ఆయన అప్పటికే పడవ మీద సంచులు కడుతున్నాడు. నా వైపు చూడలేదు.

మూడు రోజుల్లో తగ్గిపోయింది. అది ఏమిటో ఎప్పటికీ తెలియదు. టెస్టు లేదు, ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ పద్నాలుగు రోజుల్లో నవ్వు రావలసినవి కూడా ఉన్నాయి. ఒక అర్ధరాత్రి అమ్మ ఫోన్. "నిద్రపోయావా? పోవద్దు, లేచి కూర్చో." ఎక్కడో పుట్టిన బిడ్డ మాట్లాడిందట, ఈ రాత్రి పడుకున్నవాళ్ళు లేవరని చెప్పిందట. ఊరంతా లైట్లు వేసుకుని వాకిట్లో పసుపు నీళ్ళు చల్లి కూర్చున్నారు. "నాన్నకి చెప్పావా?" అన్నాను. "ఆయన ఎట్టాగూ పడుకోడుగా" అంది. ఇంకో రోజు నానమ్మ మకాం గుమ్మానికి కట్టమని వేపమండలు పంపింది, రెండు నిమ్మకాయలతో సహా. కట్టాను. ఆ స్థితిలో శానిటైజర్ సీసా, వేపమండ రెండూ ఒకటే నాకు.

ఏప్రిల్ 5 ఆదివారం రాత్రి తొమ్మిదింటికి తొమ్మిది నిమిషాలు దీపాలు. నాన్న మకాం బల్బు ఆపేశాడు. చెరువు మీద అంత చీకటి నేను చూడలేదు. దూరంగా ఊరు కూడా నల్లబడింది, తర్వాత ఒక్కొక్కటిగా చిన్న చిన్న వెలుగులు. మా ఇల్లు ఎక్కడుందో తెలుసు కాబట్టి అటే చూస్తున్నాను. మా ఇంటి వరసలో దీపాలు కనపడ్డాయి, వాటిలో మాది ఏదో తెలియలేదు. ఊళ్ళో ఎవరో టపాకాయలు కాల్చారు. ఆ చప్పుడుకి చెరువులో చేప ఒక్కసారిగా ఎగిరి పడింది, నీళ్ళన్నీ కలిసి చప్పట్లు కొట్టినట్టు. నాన్న లేచి నిలబడి, "దీపాలు పెట్టుకోమంటే టపాకాయలు ఎవడు కాల్చమన్నాడు" అని ఊరివైపు తిరిగి తిట్టాడు. అన్నేళ్ళలో ఆయన ఊరిని తిట్టడం అదొక్కసారే విన్నాను.

8వ తేదీకి గడువు అయిపోయింది. ఏఎన్ఎం వచ్చి చూసి రాసుకుంది. తూము దగ్గరే పసుపు, వేపాకు వేసిన నీళ్ళతో స్నానం చేయించి అమ్మ ఇంటికి తీసుకెళ్ళింది. తలుపు మీద కాగితం సగం చింపి ఉంది, చింపింది నానమ్మట, గోళ్ళతో.

ఆ తర్వాత ఊరు మళ్ళీ మాతో మాట్లాడటం ఒక రోజులో జరిగింది కాదు, ఎవరూ క్షమించమని అడగనూ లేదు. మనిషికి మూడేసి చొప్పున మాస్కులు పంచుతామని ప్రభుత్వం డ్వాక్రా సంఘాల చేత కుట్టించింది. మొదట అమ్మకి బట్ట ఇవ్వలేదు, "కరోనా ఇల్లు" అని. పని ఎక్కువై మిగతావాళ్ళు కుట్టలేకపోతే అప్పుడు తెచ్చి అరుగు మీద పడేశారు. అమ్మ ఏమీ అనకుండా రాత్రింబవళ్ళు మిషను తొక్కింది. మా వీధిలో అందరి మూతులకీ మా అమ్మ కుట్టినవే. పాలు మాత్రం ఇంకా రాలేదు.

మే నెల వచ్చింది. నూజివీడు వైపు నుంచి మామిడికాయల ఆటోలు పొద్దున్నే వచ్చి కర్ఫ్యూ టైముకి పరిగెత్తేవి. ఊరగాయ ఆగుతుందా? కారం మిల్లు రెండు గంటలే తీసేవాడు, పప్పునూనె కొట్లో మనిషికి ఇంతేనని లెక్క. అయినా అమ్మ యాభై కాయ కొంది. మా ఇంట్లో ముక్కలు కొట్టే కత్తి లేదు, ఏటా పిన్ని తెచ్చేది. కాయలు కడిగి ఆరబెట్టి అమ్మ వాకిట్లో కూర్చుంది. పిలవలేదు. కాసేపటికి గోడ అవతల నుంచి, "ఏమే, టెంక ముదిరిందా లేదా?" అని వినపడింది. "వచ్చి చూసుకో" అంది అమ్మ. పిన్ని కత్తి, పీట పట్టుకుని మాస్కుతో వచ్చింది. మా అమ్మ కుట్టిన మాస్కే.

పిన్ని కొడుతోంది, నానమ్మ జీడి తీసి ముక్కలు తుడుస్తోంది. తుడిచే గుడ్డలు కూడా మాస్కులకి మిగిలిన కత్తిరింపులే. ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు. నేను బేసిన్లో కారం, ఆవపిండి, ఉప్పు కలుపుతున్నాను. ఆవపిండి ఆ రోజు కొట్టిందే, ఘాటు. ముక్కులోకి పోయింది. ఆపుకున్నాను. ఇంకా ఆపుకున్నాను. చివరికి మిద్దె అదిరేలా తుమ్మాను.

పిన్ని కత్తి గాల్లో ఆగిపోయింది. అమ్మ చెయ్యి మెంతుల డబ్బా మీద ఆగిపోయింది. వీధిలో పోయేవాడు సైకిల్ ఆపాడు. నేను ఊపిరి కూడా తీసుకోలేదు.

నానమ్మ ఒక్కతే ముక్క తుడవడం ఆపకుండా, ఎప్పుడూ అన్నట్టే, "చిరంజీవ, శతాయుష్షు" అంది.

ఆ మాట పూర్తయ్యేలోపే పిన్ని తుమ్మింది. మాస్కులోనే, రెండుసార్లు. తర్వాత అమ్మ. సైకిల్ వాడు తుమ్ముకుంటూ పారిపోయాడు. పిన్ని కళ్ళ నీళ్ళు కారుతూ నవ్వుతూ "నీ ఆవపిండి తగలెయ్య" అంటోంది. కళ్ళ నీళ్ళలో కారానివి ఎన్నో వేరేవి ఎన్నో నేను లెక్కపెట్టలేదు. సాయంత్రం గిన్నెతో పాలొచ్చాయి.

డిసెంబర్లో నాకు ఉద్యోగం వచ్చింది, ఇంట్లోంచే పని. మరుసటి ఏడాది మళ్ళీ హైదరాబాద్ వెళ్ళినప్పుడు హాస్టల్ దగ్గరికి పోయి చూశాను. నా పెట్టె టెర్రస్ మీద వానకి నాని ఉంది, పుస్తకాలు అట్టల్లా అతుక్కుపోయాయి. సొట్ట కంచం ఇంకా వాడకంలోనే ఉంది.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఒక రాత్రి నాన్నతో మకాంలో పడుకున్నాను. ఇప్పుడు అక్కడ రెండు మంచాలు. ఇన్నేళ్ళూ అడగనిది అప్పుడు అడిగాను. "ఆ రోజు మందు బిళ్ళలు ఎందుకు పెట్టావు నాన్నా? నాకు బాలేదని నీకెట్టా తెలుసు?"

బీడీ ఆర్పి కాసేపు ఊరుకున్నాడు.

"చెరువు మీద శబ్దం ఎంత దూరం పోద్దో తెలీదా నీకు? తలగడలో దగ్గితే మాత్రం ఇనపడదా?"

"మరి ఇంకా దగ్గరికి జరిగావేంటి?"

"అంత దూరాన ఉంటే ఊపిరి ఇనపడట్లా" అన్నాడు. తర్వాత లేచి కూర్చుని నన్ను మాట్లాడొద్దని చెయ్యి చూపించి, చెరువు వైపు చెవి పెట్టాడు. ఎక్కడో ఒక చేప నోరు తెరిచినట్టుంది. ఇంజన్ తాడు వెతుక్కుంటూ చీకట్లోకి వెళ్ళిపోయాడు.